అల్లుడి మేత

ప్రయోగశాలలో అన్నీ లెక్కలోకి తీసుకున్నారు, అలక ఒక్కటి తప్ప.

జ్వరం, గర్భం, ముసలితనం, చక్కెర జబ్బు అన్నీ చూశారు. కార్తీక సోమవారాలనీ, ఏకాదశులనీ, రంజాన్ నెలనీ వదల్లేదు. పూజారిగారినీ, మౌల్వీగారినీ, పాస్టరుగారినీ పిలిచి, కూర్చోబెట్టి, కాఫీలిచ్చి మరీ అడిగారు. ఉపవాసం రోజున పొడిని నీళ్ళలో కలుపుకుని తాగితే దోషం లేదని ఒకరన్నారు. తెల్లవారకముందు సహరీ భోజనంలో వేసుకుంటే సరిపోతుందని ఇంకొకరన్నారు. అలక సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. తోచకపోవడానికి వాళ్ళేమీ చంద్రమండలం నుంచి దిగొచ్చినవాళ్ళు కాదు. అలిగి అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకునే అమ్మమ్మలూ మేనత్తలూ అందరిళ్ళలోనూ ఉన్నవాళ్ళే. కాని ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఇంటి సంగతులు కూడా విడిచి లోపలికి పోవడం అక్కడ అందరికీ అలవాటు.

డాక్టర్ భ్రమరాంబకీ అదే అలవాటు. ఆవిణ్ణి అందరూ భ్రమర అంటారు. విశాఖపట్నంలో పేగుల జబ్బుల మీద పనిచేసే ఆ ల్యాబులో చేరిననాటి నుంచీ ఆవిడ ఒకే ఒక్క సూక్ష్మజీవిని పట్టుకుని వేలాడుతోంది. వానలు మొదలవగానే తీరం వెంబడి పల్లెల్లో నెత్తురు విరేచనాలు పుట్టించేది అదే. ఏటా మనుషులు పోతూనే ఉన్నారు. కొత్త మందు వచ్చినప్పుడల్లా అది కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి, ఆ మందుకి అలవాటు పడి, మళ్ళీ తలెత్తేది. చివరికి దుకాణాల్లో ఉన్న మందులన్నీ దాని ముందు సుద్దపొడితో సమానమైపోయాయి.

ఒక ఉదయం భ్రమర రెండు గాజుపళ్ళాలు పక్కపక్కన పెట్టి సూక్ష్మదర్శినిలో చూసింది. రెండింటిలోనూ మనిషి పేగు లోపలి పొరని పెంచారు. రెండింటిలోనూ ఆ సూక్ష్మజీవిని వదిలారు. ఒక పళ్ళెంలో మాత్రం వెనకటి ప్రయోగం తాలూకు చక్కెర ఒకటి పొరపాటున మిగిలిపోయింది. చక్కెర లేని పళ్ళెంలో పేగుపొర జల్లెడలా తూట్లు పడి ఉంది. చక్కెర ఉన్న పళ్ళెంలో సూక్ష్మజీవులు కిటకిటలాడుతున్నాయి గాని, పొర చెక్కుచెదరలేదు.

ల్యాబు పెద్ద డాక్టర్ జోగారావు వంగి చూశాడు. "ఏంటమ్మా ఇది? ఇంతమంది ఉండి ఒక్కడూ కాటెయ్యలేదా?"

"కడుపు నిండా తిన్నారు సార్."

"ఓహో, అల్లుళ్ళన్నమాట! మర్యాద జరిగినంతసేపూ కిమ్మనరు."

అప్పటినుంచి ఆ సూక్ష్మజీవికి ల్యాబులో అల్లుడనే పేరు స్థిరపడిపోయింది. పొద్దున్నే ఒకరినొకరు గుడ్ మార్నింగ్ అనుకోవడం మానేసి, "అల్లుడికి భోజనం అయిందా?" అని పలకరించుకునేవారు.

తరవాత తేలిందేమిటంటే, ఆ చక్కెరని అరిగించుకునే జన్యువే విషం తయారుచేసే జన్యువుకి గడియ. చక్కెర దొరికినంతకాలం గడియ పడే ఉంటుంది. చక్కెర అయిపోతే గడియ ఊడిపోతుంది. విషం పేగుపొరని చీలుస్తుంది. ఆ పొరలోని జిగురులో అల్లుడికి కావలసిన తిండి కాస్త దొరుకుతుంది. పాపం, దానికి మన మీద పగేమీ లేదు. ఆకలి, అంతే.

మరి ఆకలే కారణమైతే చంపడమెందుకు, మేపితే పోలేదా? ఈ ఆలోచన భ్రమరదే. మనిషికి అరగని, అల్లుడికి మాత్రమే అరిగే చక్కెరని తయారుచేశారు. తెల్లగా, పిండిలా ఉంటుంది. దానికి మేత అని పేరు పెట్టారు. రోజూ అంబలిలో ఒక చెంచా వేసుకుని తాగితే చాలు, అల్లుడు కడుపులో ఓ మూల చేరి బుద్ధిగా బతుకుతాడు. వాణ్ణి ఎవరూ చంపబోవడం లేదు కాబట్టి, మందుకి అలవాటు పడి ఎదురుతిరగాల్సిన అవసరమూ వాడికి లేదు. ఎలుకల్లో పనిచేసింది. మనుషుల్లో కూడా చూడాలన్నారు.

అప్పుడు మొదటగా ముందుకొచ్చింది భ్రమర అత్తగారు పైడితల్లమ్మ.

పైడితల్లమ్మకి అంతకుముందు వానల్లో ఆ జబ్బు వచ్చింది. చావు తప్పి బయటపడింది గాని, అది పూర్తిగా వదల్లేదు. నెల తిరిగేసరికి మళ్ళీ మంచాన పడేది. మనిషి పుల్లలా అయిపోయింది. "ఎలాగూ సస్తాను గదే అమ్మీ, నీ పొడేదో తాగి సస్తాను. నీకు పేరైనా వస్తాది" అంది. పరిశోధన చేసేవాళ్ళు సొంతమనిషిని చూడకూడదని రూలు ఉంది కాబట్టి ఆవిడ పరీక్షలన్నీ జోగారావే చూసుకున్నాడు. భ్రమర పని పొద్దున్నే చోడి అంబలిలో పొడి కలిపి ఇవ్వడం వరకే.

పొడి మొదలుపెట్టాక పైడితల్లమ్మ మళ్ళీ మంచమెక్కలేదు. ఒళ్ళొచ్చింది. కంచరపాలెం బజారుకి తనే వెళ్ళి, నెత్తళ్ళ చేపలు బేరమాడి, గంప పట్టుకుని నడిచి రావడం మొదలెట్టింది. కొడుకు సన్నిబాబు గూడ్సు రైలు డ్రైవరు, అరకు ఘాట్ మీదుగా ఇనుపరాయి తెచ్చే బళ్ళు నడుపుతాడు. డ్యూటీ నుంచి రాగానే తల్లిని ఎగాదిగా చూసి, "ఏటమ్మా, నువ్వు రానురాను చిన్నపిల్లవైపోతన్నావు" అని ఏడిపించేవాడు. మిగతా వాలంటీర్లందరూ అలాగే కోలుకున్నారు. వానలు రాకముందే తీరం పొడుగునా ఇంటింటికీ మేత పంచాలని ప్రభుత్వం అనుకుంది. దానికి నిపుణుల కమిటీ వచ్చి సరేననాలి. ల్యాబులో ఎవరికీ తిండి లేదు, నిద్ర లేదు. అల్లుళ్ళకి మాత్రం వేళకి అన్నీ అందుతున్నాయి.

కమిటీ రావడానికి ముందురోజు పొద్దున్న పైడితల్లమ్మ కోడల్ని వంటింట్లో పట్టుకుంది.

"అమ్మీ, నూకాలుకి ఓ డబ్బా ఇవ్వాలే."

నూకాలు పైడితల్లమ్మ చెల్లెలు. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున కొత్తరేవుపాలెంలో ఉంటుంది. చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. కిందటి వానల్లో వాళ్ళ వీధిలో ముగ్గురు పోయారు.

"ఇప్పుడు కుదరదత్తా. మంజూరు కాకుండా ఒక్క చెంచా బయటికి పోయినా మొత్తం ఆపేస్తారు. కొన్నాళ్ళు ఓపిక పట్టండి, ఊరందరితోపాటు చిన్నత్తకీ అందుతుంది."

"వానలు నీ మంజూరు కోసం కాసుకుని కూకుంతాయేటి? ఓ డబ్బా. ఎవలికీ సెప్పన్లే."

"చెప్పడం కాదత్తా. లెక్క ఉంటుంది."

"లెక్కేటే! నా కడుపుని సంతలో కుండనాగ వాయించి వాయించి సూసుకున్నారు గదా, అప్పుడు నానేటైనా అడిగినానా? నా సెల్లికి గుప్పెడు పొడి ఇవ్వనేవూ?"

భ్రమరకి ఆ పూట అసలే తల వాచిపోయి ఉంది. నోరు జారింది. "ఈ తీరంలో మీ చెల్లెలొక్కతే మనిషా అత్తా?"

పైడితల్లమ్మ చేతిలో గరిట గిన్నెలో పెట్టేసి, తన గదిలోకి వెళ్ళి, చాప పరుచుకుని, గోడవైపు తిరిగి, మొహం మీద పమిట కప్పుకుంది.

ఆ ఇంట్లో అలకకి ఒక పద్ధతి ఉంది. పైడితల్లమ్మ జన్మలో ఎవర్నీ నోరెత్తి తిట్టి ఎరగదు. మొగుడు బతికున్నప్పుడు ఆయన మీద కోపమొచ్చినా అన్నం మానెయ్యడమే, ఆడపడుచు మీద కోపమొచ్చినా అన్నం మానెయ్యడమే. అలిగినప్పుడు పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టదు. కారకులైనవాళ్ళు వెళ్ళి చాప పక్కన కూర్చుని బతిమాలాలి. మొదటి పిలుపుకి కదలదు. తరవాత ముక్కు చీదుతుంది. ఆ తరవాత "నాకొద్దు, మీరు తినండి" అంటుంది. ఆ మాట అన్నదంటే ఇంక దారికొచ్చినట్టే, లేచి కూర్చుని తింటుంది. సన్నిబాబు ఇందులో ఆరితేరినవాడు. కాని ఆ వేళకి అతను కొండల మీద రైల్లో ఉన్నాడు.

ఆ సాయంత్రం భ్రమర ల్యాబు నుంచి వచ్చేసరికి మూతపెట్టిన కంచం పెట్టినచోటే ఉంది. అంబలి గ్లాసు మీద మూత కూడా కదల్లేదు.

"అత్తా, లేవండి. తినకపోతే మానె, పొడైనా తాగండి."

మొదటి పిలుపు కదా, పైడితల్లమ్మ కదల్లేదు. భ్రమర పొడి కలిపిన గ్లాసు తల దగ్గర పెట్టి వచ్చేసింది. ఒక్కరోజు పొడి మానేసిన వాలంటీర్లు లేకపోలేదు, వాళ్ళకేమీ కాలేదు. వాళ్ళు పొడి మానేశారు గాని అన్నం తిన్నారు. అల్లుడు ఆ అన్నం అడుగూబొడుగూ ఏరుకుని సర్దుకున్నాడు. పొడీ లేక, అన్నమూ లేక, నీళ్ళు కూడా లేకపోతే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. బుద్ధున్న మనిషెవరూ అలా ఉండరు కదా అనుకున్నారు.

మర్నాడే కమిటీ. పొద్దున్నే ల్యాబు కారు వచ్చి హారన్ కొడుతోంది. గ్లాసు అలాగే ఉంది. భ్రమర గుమ్మంలోంచే, "అత్తా, నేను వెళ్ళొస్తాను. కమిటీ ఉంది, తెలుసుగా. దయచేసి అది తాగేయండి" అంది. బతిమాలడం వేరు, చెప్పడం వేరు. చాప పక్కన ఒక్క నిమిషం కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంటే పైడితల్లమ్మ లేచేదే. ఆ సంగతి భ్రమరకీ తెలుసు. కారులో కూర్చున్నాక కూడా వెనక్కి వెళదామా అని ఒకసారి అనిపించింది. కాని ఆలస్యమైపోతోంది.

కమిటీ పని అనుకున్నదానికంటే సులువుగా అయిపోయింది. వచ్చినవాళ్ళు ఎలుకలని చూశారు, వాలంటీర్ల రిపోర్టులు చూశారు. ఒక్కరికి కూడా జబ్బు తిరగబెట్టలేదని జోగారావు చెప్పగానే బల్లలు చరిచారు. ఆ చప్పుళ్ళ మధ్యనే భ్రమర ఫోను మోగింది. సన్నిబాబు.

"భ్రమరా, నువ్వు తొందరగా వచ్చెయ్యి. అమ్మ దొడ్లో పడిపోయుంది. ఒళ్ళంతా నెత్తురే. అంబులెన్స్ ఎక్కించేస్తన్నాను."

ఆస్పత్రిలో పైడితల్లమ్మ చెయ్యి ముట్టుకుంటే చేప ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. రెండు చేతులకీ సెలైన్ ఎక్కిస్తున్నారు. ఎక్కించినంతా కిందనుంచి నెత్తురుతో కలిసి పోతోంది. డ్యూటీ డాక్టరు కుర్రాడు, మంచివాడు, చెమటలు కక్కుతూ ఒక్కొక్క మందే మారుస్తున్నాడు. ఏ మందూ పనిచెయ్యదని భ్రమరకి తెలుసు.

సన్నిబాబు గోడకి ఆనుకుని, "అన్నం తిన్నాదా?" అని అడిగాడు.

"లేదు. అలిగింది."

"ఎప్పుట్నుంచి?"

భ్రమర చెప్పింది. అతను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

అక్కడే నిలబడి ఆలోచిస్తే ఆమెకి అంతా అర్థమైంది. నెలల తరబడి మేపగా మేపగా అత్తగారి కడుపులో అల్లుళ్ళు తిరణాల జనంలా పెరిగిపోయారు. మామూలు జబ్బు మనిషిలో ఉండేవాళ్ళ కంటే వందల రెట్లు. ఆ జనం మొత్తానికి ఒక్కసారే కూడు ఆగిపోయింది. అందరి గడియలూ ఒక్కసారే ఊడాయి. ఇది ఊళ్ళో వచ్చే జబ్బు కాదు, దానికి పదింతలు. తను పెంచిన జబ్బు.

"డాక్టరుగారూ, ముక్కులోంచి గొట్టం వెయ్యండి. ఇది నీళ్ళలో కలిపి లోపలికి పంపాలి" అంది, బ్యాగులోంచి కమిటీకి చూపించిన మేత డబ్బా తీసి.

కుర్ర డాక్టరు తెల్లబోయాడు. "మేడమ్, ఈ స్థితిలో లోపలికి ఏమీ ఇవ్వకూడదండీ. పేగు చిల్లులు పడిపోయి ఉంటుంది. ఆవిడకి ఆకలి కూడా ఉండదు."

"ఆకలి ఆవిడకి కాదు బాబూ. లోపలున్నవాళ్ళకి."

అతను సన్నిబాబు వైపు చూశాడు. సన్నిబాబు కళ్ళు తుడుచుకుని, "ఆవిడ సెప్పినట్టు చెయ్యండి" అన్నాడు.

గొట్టం వేశారు. భ్రమర తన చేత్తోనే పొడి కలిపి కొంచెం కొంచెంగా పోస్తూ కూర్చుంది. అత్తగారి ప్రాణం తియ్యడానికి కూర్చున్నవాళ్ళకి దగ్గరుండి వడ్డిస్తోంది. ఎండ గోడ మీదినుంచి జారేవేళకి నెత్తురు తగ్గింది. మర్నాటికి ఆగిపోయింది. పైడితల్లమ్మ కళ్ళు తెరిచి, మొదట కొడుకుని, తరవాత కోడల్ని చూసి, తల అవతలికి తిప్పుకుంది. భ్రమర మంచం పట్టె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ముందురోజు పొద్దున్న అలా ఏడ్చి ఉంటే సరిపోయేది.

జోగారావు పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. మనిషి నిజంగానే హడలిపోయి ఉన్నాడు. పైడితల్లమ్మని పలకరించి, బయట వరండాలో భ్రమరతో నెమ్మదిగా మొదలెట్టాడు.

"దేవుడి దయ. గండం గడిచింది. మనకి కూడా ఒక విషయం తెలిసొచ్చింది. డబ్బా మీద ఒక హెచ్చరిక వేద్దాం. ఎట్టి పరిస్థితుల్లోనూ తిండీ పొడీ రెండూ మానకూడదు అని, ఎర్ర అక్షరాలతో."

"అలిగినవాళ్ళు డబ్బా మీద అక్షరాలు చదవరు సార్."

"అమ్మా, ఎక్కడో ఒక ముసలావిడ అలిగిందని ఇన్ని వేలమందికి ఆపేస్తామా? వానలు వచ్చేస్తున్నాయి. ఆపితే ఈ ఏడూ పోతారు జనం. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

తెలుసు. ఆ మేత తన బిడ్డలాంటిది. దాన్ని ఇంటింటికీ చేర్చాలని ఎన్నేళ్ళు కలగందో ఆ వరండాలో ఉన్న ఇద్దరికీ తెలుసు.

"అలక సరే సార్. తుఫాను మాటేమిటి?" అంది చివరికి. "మన తీరానికి తుఫాను రాని ఏడుందా? దారులు కొట్టుకుపోయి, పొయ్యిలో నీళ్ళు నిలిచి, ఊరు ఊరంతా పస్తులుంటే? ఇవాళ మా అత్త ఒక్కతే పడింది, గొట్టం వెయ్యడానికి ఆస్పత్రి ఉంది. అప్పుడు పల్లెలకి పల్లెలు ఒకే రోజున పడతాయి. మేపినన్నాళ్ళూ పెరిగినవాళ్ళు ఒక్కరోజులో లేస్తారు. మనం జబ్బు తగ్గించడం లేదు సార్. అప్పు పెట్టి దాస్తున్నాం."

జోగారావు చెడ్డవాడు కాదు. వయసైపోతోంది, ఒక్క మంచి పని చేతుల మీదుగా జరగాలని ఆశ. "రిపోర్టు నువ్వే రాయి. నా చేత్తో నేను రాయలేను" అని వెళ్ళిపోయాడు.

భ్రమర రాసింది. మేత పంపకం ఆగిపోయింది. ఉన్న నిల్వకి సీలు వేశారు. ఇప్పటికే తాగుతున్న వాలంటీర్లకి మాత్రం నెలనెలా ఇవ్వాలన్నారు, ఎందుకంటే వాళ్ళు మానడానికి లేదు. ఏ మందుకీ లొంగని అల్లుణ్ణి బయటికి పంపే దారి లేదు. బతికినన్నాళ్ళూ మేపాల్సిందే.

ఈ సంగతి పైడితల్లమ్మకి ఇంటికొచ్చాక చెప్పింది. ఈసారి చాప పక్కన కూర్చునే చెప్పింది.

"అయితే నూకాలుకి ఇంక రాదా?"

"రాదత్తా."

"నాను అలగబట్టేనా?"

"కాదత్తా. అది మంచిది కాదు కాబట్టి. మీవల్ల ముందే తెలిసింది."

పైడితల్లమ్మ లేచి లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపు తీసి, వంటింట్లోకి వచ్చి, పీట వేసుకుని కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంబలి తాగుతూ, గ్లాసు అంచు మీదినుంచి కోడల్ని గుచ్చి గుచ్చి చూసింది.

"అలగనానికి కూడా నేకుండా సేసినావు కదే నన్ను" అంది.

భ్రమర తలవంచుకుంది. ఆవిడకి ఉన్నదల్లా ఆ ఒక్క ఆయుధమే. తిట్టడం రాదు, కొట్టడం రాదు. ఆ ఒక్కదాన్నీ తను లాక్కుంది. ఆ తరవాత పైడితల్లమ్మకి కోపం రావడం మానలేదు గాని, వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గిన్నెలు కడిగినవే కడుగుతూ ఉండేది.

వానలు పడ్డాయి. పేపర్లో పల్లెల పేర్లు రావడం మొదలైంది. భ్రమర పేపరు తియ్యడానికే భయపడేది. తను ఆపకపోతే ఈ పేర్లు వచ్చేవి కావు, ఈ ఏడు మాత్రం వచ్చేవి కావు, అన్న ఆలోచన ఆమెని తినేసేది. తుఫాను ఆ ఏడు రాలేదు. రానందుకు సంతోషించాలో ఏడవాలో కూడా ఆమెకి తెలియలేదు.

ఒక రోజు సాయంత్రం నూకాలు పక్కింటావిడ ఫోను చేసింది. కడుపు కాస్త బాగులేదు, కంగారు పడొద్దని నూకాలే చెప్పించింది. పైడితల్లమ్మ ఆ పూట సరిగ్గా తినలేదు. తెల్లవారగానే మళ్ళీ ఫోను వచ్చింది. నెత్తురు పడుతోంది, మాట సరిగ్గా రావడం లేదు, దారిలో గెడ్డ పొంగి అంబులెన్సు రావడం లేదు.

భ్రమర ఇంక రూలు చూడలేదు. అత్తగారి కోసం ఇచ్చిన డబ్బా తీసి సంచిలో వేసుకుంది. ఆస్పత్రి నుంచి గొట్టం ఒకటి తెచ్చుకుంది. సన్నిబాబు కారు తీశాడు. పైడితల్లమ్మ ముందు సీట్లో కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా దాన్ని రెండు చేతులా పట్టుకునే ఉంది. గెడ్డ దగ్గర కారు ఆపేసి మోకాలి లోతు నీళ్ళలో నడిచి దాటారు. పాలెం వీధి మొగలోకి వచ్చేసరికే ఏడుపులు వినిపించాయి.

నూకాలుని వీధి అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. మొహానికి పసుపు రాశారు. పైడితల్లమ్మ చెల్లెలి మీద పడిపోయింది.

"ఓలమ్మా నూకాలూ! డబ్బా తెచ్చినానే! లెగవే! నీకోసం డబ్బా తెచ్చినానే ఓలమ్మా!"

సన్నిబాబు పక్కకి పోయి నిలబడ్డాడు. భ్రమర వాకిట్లో ఆడవాళ్ళ మధ్య కూలబడింది. పోయిన మనిషి కొడుకు పారాదీప్ రేవులో పడవ మీద ఉన్నాడట. వాడు వచ్చేవరకూ ఎత్తరు, మర్నాటి దాకా పట్టవచ్చు. శవం లేచేవరకూ ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అయినవాళ్ళెవరూ నోట్లో ఏమీ వేసుకోరు. కడుపులో పుట్టిన దుఃఖానికి అదొక్కటే మర్యాద.

మధ్యాహ్నం దాటింది. పైడితల్లమ్మ రాగం తీసి ఏడుస్తోంది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి రొయ్యలు ఏరిన సంగతి, ఒకే గౌను వంతులేసుకుని తొడుక్కున్న సంగతి, పెళ్ళయి పోతూ ఉంటే బండి వెనక పరుగెత్తిన సంగతి ఒక్కొక్కటే చెప్పుకుని ఏడుస్తోంది. భ్రమర ఆ ఏడుపు వింటూ ఆవిడ మొహమే చూస్తోంది. నిన్న సాయంత్రం సరిగ్గా తినలేదు. పొద్దున్న అన్నం లేదు, పొడీ లేదు. పెదవులు ఎండిపోయాయి. ఇంక ఆగడానికి లేదు.

భ్రమర లేచి ఎదురింటికి వెళ్ళి రెండు గ్లాసులూ, చెంబుతో నీళ్ళూ అడిగి తెచ్చింది. అరుగు మీద పడి ఉన్న డబ్బా తీసి పొడి కలిపింది. వాకిట్లో ఏడుపులు తగ్గి, చూపులన్నీ ఇటు తిరిగాయి.

"అత్తా" అంది, చాలా నెమ్మదిగా.

పైడితల్లమ్మ గ్లాసు చూసింది. మొహం జేవురించింది. "సీ! తియ్యవే అవతలికి! నా సెల్లి పీనుగు ముందర కూకుని నానెలా తాగుతానే? నానొక మనిసిని కానేటే?"

"తాగాలత్తా."

"సచ్చిపోనీ నన్ను. దాంతోపాటు ఎల్లిపోతాను."

వెనకనుంచి ఒకావిడ పక్కావిడతో అననే అంది. "పట్నపోళ్ళు కదేటి. సెల్లి సచ్చినా ఏళకి కూడు పడిపోవాల."

ఆ మాట పైడితల్లమ్మకి వినిపించింది. ఆవిడ తల ఇంకా కిందికి వాలిపోయింది. ఆ వాకిట్లో అందరికీ చెప్పాలని భ్రమరకి నాలుక చివరిదాకా వచ్చింది, ఇది తిండి కాదు, మందు కాదు, నేను చేసిన పని అని. చెబితే ఎవరికి అర్థమవుతుంది? చెప్పుకుంటూ కూర్చుంటే అత్తకి మర్యాద ఎక్కడ మిగులుతుంది?

ఆమె లేచి వాకిలి మధ్యలో, అందరికీ కనబడేలా నిలబడింది. ఒక గ్లాసు పైకెత్తి గడగడా తాగేసింది. ఆమె కడుపులో అల్లుళ్ళెవరూ లేరు, ఆమెకి ఆ పొడితో పని లేదు.

"ఓలమ్మా! కోడలు తాగేసినాది!" అన్నారెవరో. ఇంకొకరు మెటికలు విరిచారు. అందరి చూపులూ పైడితల్లమ్మ మీదినుంచి భ్రమర మీదికి మళ్ళాయి. భ్రమర ఖాళీ గ్లాసు పట్టుకుని, మూతి తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

పైడితల్లమ్మ కోడలి వంక చూసింది. తరవాత చెయ్యి చాపి, రెండో గ్లాసు తీసుకుని, చెల్లెలి మొహం కనబడకుండా కొద్దిగా పక్కకి తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని తాగింది. అడుగున మిగిలిన పొడి కూడా నీళ్ళు పోయించుకుని కలిపి తాగింది. పమిటతో మూతి తుడుచుకుంది. గ్లాసు కోడలి చేతికిచ్చేసి, మళ్ళీ చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చుని, ఎక్కడ ఆపిందో అక్కడినుంచే ఏడుపు అందుకుంది.